కడుపు ఎక్కడ ఉంది?

ఇదేం ప్రశ్న, చిన్నపిల్లలు అడిగినట్టుందని పాఠకులు నవ్వుకోవచ్చు. ఆకలేస్తే కడుపే చెబుతుంది గదా తానెక్కడున్నదీ! అయినా ఒక్కసారి ఈ పత్రిక పక్కన పెట్టి, ఇంట్లో ఉన్న నలుగురినీ పిలిచి, "కడుపు ఎక్కడో చెయ్యి పెట్టి చూపించండి" అని అడగండి. ఒకరు బొడ్డు మీద చెయ్యి పెడతారు. ఒకరు బొడ్డు కింద పెడతారు. పెద్దవాళ్ళయితే అరచేతిని పొట్టంతా గుండ్రంగా తిప్పి ఊరుకుంటారు. ఎడమవైపు, రొమ్ము కింద, పక్కటెముకల చాటున చెయ్యి పెట్టేవారు నూటికి ఒక్కరుంటే గొప్ప. అన్నం పోయి చేరే తిత్తి ఉండేది మాత్రం సరిగ్గా అక్కడే. బొడ్డు వెనకాల ఉన్నవి చిన్నపేగులు.

నేను వైద్యుణ్ణి కాను. బి.కాం. చదివి, బ్యాంకులో జమాఖర్చులు చూసుకుంటూ వచ్చినవాణ్ణి. ఈ వ్యవహారంలో నాకేం పని అంటే, మా ఇంట్లో జరిగిన ఒక సంగతి ఈ ప్రశ్నను నా నెత్తిన పెట్టింది. కృష్ణగిరిలో ఉండే మా బావగారి కథ అది.

నాలుగేళ్ళ కిందట మామిడికాయల కాలంలో మా అక్కావాళ్ళింట్లో శుభకార్యం. ఓళిగలు, నెయ్యి, మామిడిపండ్ల రసం, రెండు రకాల చిత్రాన్నాలు. బావ భోజనప్రియుడు. రాత్రి పదకొండు గంటలప్పుడు లేచి కూర్చున్నాడు. ఎదకూ కడుపుకూ నడుమ, పైగుంటలో, ఏదో అదిమిపెట్టినట్టు ఉందన్నాడు. ఒళ్ళంతా చెమట. "ఏమీ లేదప్పా, గ్యాసు. అంతే" అని తనే తీర్పు చెప్పేశాడు. అక్క వాము నమిలించింది. నేను పోయి సోడా తెచ్చాను. పిల్లలు వీపు రుద్దారు. ఒక పెద్దాయన ఇంగువ కలిపిన మజ్జిగ ఇమ్మన్నారు. ఒక త్రేన్పు వచ్చింది, అందరం సంతోషించాం. తెల్లవారి ఆరు గంటలకు డాక్టరు దగ్గరకు పోతే ఇ.సి.జి. తీసి, "ఇది కడుపు కాదు, గుండె. రాత్రి ఎందుకు రాలేదు?" అని అడిగారు. గుండె కింది భాగానికి పోయే రక్తనాళం మూసుకుపోయింది. స్టెంటు పెట్టారు, మనిషి దక్కాడు. అయితే ఆ ఏడు గంటల్లో గుండె కండ కొంత చచ్చిపోయింది. అది తిరిగి రాదు. ఇప్పటికీ మేడమెట్లెక్కితే ఆయాసపడతాడు.

సోడా తెచ్చిన చెయ్యి నాది. అందుకే ఈ వ్యాసం.

బావకు ఆయుర్వేదం మీద గురి ఎక్కువ. వాళ్ళ తాతగారి కాలం నాటి తెలుగు తాత్పర్యాల పుస్తకాలు ఇంట్లో ఉన్నాయి. ఆసుపత్రి నుంచి వచ్చిన పదిరోజులకు నన్ను పిలిచి, ఒక పుట తెరిచి చూపించాడు. "చూడప్పా, చరకుడు ఆమాశయం అంటే బొడ్డుకూ స్తనాలకూ నడుమ ఉండేదన్నాడు. నాకు నొప్పి వచ్చింది అక్కడే గదా! మరి కడుపు అనుకోవడంలో నా తప్పేముంది?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. హోసూరు నుంచి కృష్ణగిరికి 50 కిలోమీటర్లు. ఆదివారాలు బస్సులో పోతూ వస్తూ, దారిలో శూలగిరి దాటేటప్పుడల్లా ఈ శూల సంగతే ఆలోచిస్తూ, దొరికిన పుస్తకాలు చదువుతూ, తెలిసిన డాక్టర్లనూ వైద్యులనూ విసిగిస్తూ తెలుసుకున్నదే కింద రాస్తున్నాను.

ముందు మన మాటల సంగతి చూడాలి. తెలుగులో కడుపు అంటే అన్నం తిత్తి, కడుపు అంటే పొట్ట మొత్తం, కడుపు అంటే గర్భం కూడా. కడుపు నిండిందంటాం, కడుపుతో ఉందంటాం, కడుపుకోత అంటాం, ఎవరైనా మాట దాచుకుంటే కడుపులో పెట్టుకున్నాడంటాం. ఇంత పెద్ద మాటతో డాక్టరుకు జబ్బు చెప్పుకుంటున్నాం. హోసూరు ప్రాంతంలో ఇంకో చిక్కుంది. ఇంట్లో తెలుగు, బజారులో తమిళం, గడప దాటి నాలుగడుగులు వేస్తే కన్నడం. మనం కడుపంటే డాక్టరు "వయిరా, నెంజా?" అని అడుగుతారు. తమిళంలో అన్నం తిత్తికి విడిగా ‘ఇరైప్పై’ అనే మంచి మాట ఉంది. ఇరై అంటే మేత, పై అంటే సంచి. కానీ నొప్పితో వచ్చినవాళ్ళు ఎవరూ ఆ మాట వాడరు, వాళ్ళూ వయిరు అనే అంటారు. కడుపులో పుల్లని రసం పైకెగదన్నితే తమిళులకు నెంజెరిచ్చల్, కన్నడిగులకు ఎదెయురి, మనకు ఎదలో మంట. ఇంగ్లీషువాళ్ళయితే ఏకంగా ‘హార్ట్ బర్న్’ అన్నారు, అంటే గుండె మంటే. పుట్టింది కడుపులో, పేరు గుండెకు. నాలుగు భాషల వాళ్ళూ కలిసి చేసిన పొరపాటు ఇది. ఇక గుండెనొప్పిని కడుపు ఖాతాలో రాయడంలో వింతేముంది?

ఇంతకీ ఆమాశయం అంటే ఏమిటి? ఆమం అంటే పచ్చిది, ఉడకనిది. ఆశయం అంటే ఉండే చోటు. తిన్నది ఇంకా పచ్చిగా ఉన్నంతవరకూ నిలిచే చోటు ఆమాశయం; పక్వమైన తరువాత చేరే చోటు పక్వాశయం. వంటింట్లో ఒక పక్క తరగని కూరగాయలు, ఇంకో పక్క దించిన గిన్నెలు ఉన్నట్టు అన్నమాట. ఈ పేర్లు పెట్టినవారు అవయవాన్ని చూసి దాని రూపాన్ని బట్టి పెట్టలేదు. అన్నం ఏ స్థితిలో ఉందో దాన్ని బట్టి పెట్టారు. నాకు ఈ విషయం బోధపడిన రోజున సగం చిక్కు విడిపోయింది. ఆధునిక వైద్యం కడుపును గీసినప్పుడు గోడ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో గీస్తుంది. ఆయుర్వేదం గీసింది అన్నం ప్రయాణాన్ని. ఒకటి ఇంటి ప్లాను, ఇంకొకటి ఇంట్లో జరిగే పనుల పట్టిక.

సుశ్రుతుడు శారీరస్థానంలో ఏడు ఆశయాలు లెక్కపెట్టాడు: వాతాశయం, పిత్తాశయం, శ్లేష్మాశయం, రక్తాశయం, ఆమాశయం, పక్వాశయం, మూత్రాశయం. స్త్రీలకు ఎనిమిదవది గర్భాశయం. చరకుడు మొండెం లోపలి అవయవాలను 15గా లెక్కించి కోష్ఠాంగాలన్నాడు. అందులో ఆమాశయం, పక్వాశయం ఉన్నాయి, చిన్నపేగు, పెద్దపేగు విడిగా కూడా ఉన్నాయి. నావంటి లెక్కలవాడికి వెంటనే సందేహం వస్తుంది: పక్వాశయం అంటే పెద్దపేగే అయితే రెండుసార్లు ఎందుకు రాశాడు? ఒకే సొమ్ము రెండు ఖాతాల్లో పడినట్టుంది గదా! పండితులు దీని మీద రకరకాలుగా చెబుతారు. నాకు తోచినది పైన చెప్పిందే. పక్వాశయం అనేది పని పేరు, స్థూలాంత్రం వస్తువు పేరు.

అలాగని మనవాళ్ళు శరీరాన్ని కోసి చూడలేదనుకోకూడదు. సుశ్రుతుడు చెప్పిన పద్ధతి చదివితే ఒళ్ళు జలదరిస్తుంది. విషంతో గానీ దీర్ఘరోగంతో గానీ చావని, మరీ నూరేళ్ళ ముసలిది కాని, అంగలోపం లేని శవాన్ని తేవాలి. పేగుల్లోని మలం తీసివేయాలి. ముంజగడ్డి, నార, దర్భ, జనుము వంటి వాటిలో దేనితోనైనా చుట్టి, పంజరంలో పెట్టి, పారే నీటిలో, ఎవరి కంటా పడని చోట ఉంచాలి. ఏడు రాత్రులకు బాగా నానుతుంది. అప్పుడు పైకి తీసి, వట్టివేళ్ళు, వెంట్రుకలు, వెదురు మొదలైన వాటితో చేసిన కుంచెతో మెల్లమెల్లగా రుద్దుతూ, చర్మం మొదలుకొని పొర తరువాత పొర కంటితో చూడాలి. శాస్త్రం చదివినంత మాత్రాన చాలదు, కంటితో చూసినదీ చదివినదీ రెండూ కలిస్తేనే జ్ఞానం పెరుగుతుందని ఆయన అభిప్రాయం.

ఆ చూపులో ఎంత నిజముందో ఒక లెక్కతో చూద్దాం. మగవారి పేగులు మూడున్నర వ్యామాలు, ఆడవారివి అర వ్యామం తక్కువ అని రాశాడు. వ్యామం అంటే రెండు చేతులూ చాచితే వచ్చే కొలత, మన బార. పూలంగళ్ళలో మాల కొలిచి ఇచ్చే మూర దీనికి తమ్ముడు. మనిషి బార సుమారు అయిదున్నర అడుగులు వేసుకుంటే మూడున్నర బారలకు 19 అడుగుల పైచిలుకు. నేటి అనాటమీ పుస్తకాల్లో చిన్నపేగు పొడవు సుమారు 6 మీటర్లు, అంటే 20 అడుగులకు అటూ ఇటూ. పెద్దపేగు ఇంకో 5 అడుగులు. ఆడవారి చిన్నపేగు సగటున కొంచెం పొట్టి అని కూడా నేటి కొలతలు చెబుతున్నాయి. టేపు లేని రోజుల్లో బారతో కొలిచి ఇంత దగ్గరగా వచ్చారంటే ఎవరో ఒకరు ఆ పేగులను చేత్తో పట్టుకుని చాచి చూసి ఉండాలి. కూర్చుని ఊహిస్తే వచ్చే అంకె కాదది. అయితే ఏడు రాత్రులు నీళ్ళలో నానిన శవంలో కడుపు గోడ మెత్తబడి, రూపం చెడిపోయి ఉంటుంది. పొడవు నిలుస్తుంది, రూపం నిలవదు. ఆమాశయం ఆకారం గురించి, దాని లోపలి ముడతల గురించి ఎక్కువ చెప్పకపోవడానికి ఇదే కారణమేమోనని నా ఊహ. ఊహ మాత్రమే.

ఇక పని సంగతి. చరకుడు చికిత్సాస్థానంలో గ్రహణి రోగం చెప్పేటప్పుడు అన్నం మూడు దశల్లో మారుతుందన్నాడు. మొదట మధురభావం, అప్పుడు నురగ వంటి కఫం పుడుతుంది. తరువాత సగం పక్వమై పుల్లబడుతుంది. ఆమాశయం నుంచి జారే వేళకు పలుచని పిత్తం ఊరుతుంది. చివరకు పక్వాశయం చేరి, తడి ఆరి ముద్ద కడుతుంది. అప్పుడు కటుభావంతో వాయువు పుడుతుంది.

దీన్ని నేటి వైద్యం పక్కన పెట్టి చూడండి. నోట్లో లాలాజలం పిండిపదార్థాన్ని విరగ్గొట్టి కొంత తీపి చేస్తుంది. కడుపు గోడ జిగురు పొరతో కప్పబడి ఉంటుంది. ఆ జిగురు లేకపోతే కడుపు తన్ను తానే అరిగించుకుంటుంది. కడుపులో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఊరుతుందని 1824లో విలియం ప్రౌట్ అనే ఇంగ్లీషు వైద్యుడు ప్రకటించాడు. రోజుకు సుమారు రెండు లీటర్ల జఠరరసం ఊరుతుంది. పుల్లబడిన గుజ్జు కొంచెం కొంచెంగా ఆంత్రమూలంలోకి జారగానే, కాలేయం నుంచి పైత్యరసం వచ్చి కలుస్తుంది. చివరకు పెద్దపేగు నీటిని పీల్చి, మిగిలినదాన్ని గట్టిపరుస్తుంది. అక్కడి సూక్ష్మజీవులు వాయువు పుట్టిస్తాయి. తీపి, పులుపు, ఆరడం, వాయువు: వరుస వరుసగా సరిపోయింది. కొలతగొట్టం లేకుండా, వాంతిలో ఏ గంటకు ఏ రుచి వచ్చిందో, విరేచనం ఏ రంగులో ఉందో చూసి చూసి రాసిన వరుస ఇది అనిపిస్తుంది.

సరిపోని చోట్లూ ఉన్నాయి, వాటిని దాచడం న్యాయం కాదు. పిత్తానికి ముఖ్యస్థానం ఆమాశయమని చరకుడంటే, ఆమాశయం కఫస్థానమని, పిత్తం ఉండేది ఆమాశయ పక్వాశయాల నడుమ అని సుశ్రుతుడంటాడు. వాగ్భటుడు బొడ్డు అన్నాడు. ముగ్గురు ఆడిటర్లు, మూడు రిపోర్టులు! ఒకే ఆమాశయం గీత ముగ్గురూ ఒకే చోట గీయలేదని దీన్ని బట్టి తెలుస్తుంది. జఠరాగ్ని అన్న మాటను పట్టుకుని లోపల నిజంగా నిప్పుందనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. ఆ వేడి సంగతి కళ్ళతో చూసి కొలిచినవాడు ఒకడున్నాడు. ఆ కథ చెప్పక తప్పదు.

1822 జూన్ 6న అమెరికాలో మాకినా దీవిలోని తోలు వ్యాపారం అంగట్లో తుపాకి పొరపాటున పేలి, అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే కూలివాడి ఎడమ పక్కటెముకల కింద గాయమైంది. విలియం బోమాంట్ అనే సైనిక వైద్యుడు కాపాడాడు. గాయం మానింది గానీ కడుపులోకి ఒక కంత అలాగే మిగిలిపోయింది. బోమాంట్ ఆ కంతలోంచి పట్టుదారం కట్టిన మాంసం ముక్కా, రొట్టె ముక్కా లోపలికి వదిలి, గంట గంటకూ లాగి చూశాడు. రసం బయటికి తీసి సీసాలో పోసి అందులోనూ మాంసం కరగడం చూశాడు. థర్మామీటరు పెడితే లోపల వేడి సుమారు 100 డిగ్రీల ఫారన్‌హీటు, మామూలు ఒంటివేడే. మార్టిన్‌కు కోపం వచ్చినప్పుడు అరుగుదల చెడుతుందని కూడా రాసిపెట్టుకున్నాడు. 1833లో ఇదంతా పుస్తకంగా వేశాడు. అన్నాన్ని కరిగిస్తున్నది నిప్పు కాదు, రసం అని దీంతో బల్లగుద్ది చెప్పినట్టయింది. కోపం, దుఃఖం, భయం ఉన్నప్పుడు తిన్నది మితంగా తిన్నా అరగదని చరకుడు అన్న మాట మాత్రం నిలబడింది. పాపం సెయింట్ మార్టిన్‌కు ఈ ప్రయోగాలంటే విసుగు. 1880లో అతను పోయినప్పుడు డాక్టర్లు శవాన్ని కోసి చూస్తారేమోనని ఇంటివాళ్ళు కుళ్ళిందాకా ఉంచి పాతిపెట్టారట. సుశ్రుతుడి ఏడు రాత్రులు గుర్తుకు వచ్చాయి నాకు.

కొత్త వైద్యం కూడా పొరపాట్లకు అతీతం కాదు. కడుపులో పుండు ఆందోళన వల్ల, కారం వల్ల వస్తుందని చాలాకాలం నమ్మారు. ఇంత పులుపులో ఏ క్రిమీ బతకదన్నారు. 1982లో ఆస్ట్రేలియాలో బారీ మార్షల్, రాబిన్ వారెన్ అనే ఇద్దరు డాక్టర్లు హెలికోబాక్టర్ అనే క్రిమిని పెంచి చూపించారు. ఎవరూ నమ్మకపోతే 1984లో మార్షల్ ఆ క్రిమి కలిపిన ద్రవం తానే తాగి జబ్బు తెచ్చుకున్నాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. తప్పు తేలితే పాత పద్దు కొట్టేసి కొత్తది రాసుకునే అలవాటు, అది ఎక్కడున్నా నాకు నచ్చుతుంది.

అసలు చిక్కు మన పాఠ్యపుస్తకాలతో వచ్చింది. కొత్త అవయవాలకు తెలుగు పేర్లు కావలసి వచ్చినప్పుడు పాత పేర్లు తెచ్చి అంటించారు. క్లోమం అన్న మాట చూడండి. బళ్ళో పిల్లలకు అది ఇన్సులిన్ తయారుచేసే గ్రంథి. చరకుడి క్లోమమేమో దప్పికకు సంబంధించినది. అది ఏ అవయవమో నేటికీ పండితులు తేల్చలేదు. ఆమాశయానికి నిఘంటువులో ‘స్టమక్’ అని రాసి ఉంటుంది. చరకుడేమో బొడ్డు నుంచి రొమ్ముదాకా ఒక ప్రాంతమంతా చెబుతున్నాడు. పాత పటం మీద కొత్త ఊళ్ళ పేర్లు రాసుకుని, ఆ పటం పట్టుకుని ప్రయాణం చేస్తే దారి తప్పమా?

రెండు పటాలనూ సరిగ్గా వాడుకున్న తెలుగువారూ ఉన్నారు. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరంలో పుట్టారు. ఆయన సోదరులిద్దరు కొద్దిరోజుల తేడాలో స్ప్రూ అనే జబ్బుతో పోయారు. తిన్నది అరగక, ఒంటబట్టక, విరేచనాలతో మనిషి కృశించిపోయే జబ్బు అది. మన గ్రహణికి దగ్గర చుట్టం. ఆమాశయం దాటిన అన్నాన్ని అరిగేదాకా పట్టి ఉంచే గ్రహణి బలహీనపడితే పచ్చిదాన్ని పచ్చిగానే వదిలేస్తుందని చరకుడన్నది దాదాపు ఇదే. సుబ్బారావుగారికీ ఆ జబ్బు వచ్చింది. అల్లోపతి చదివి ఆయుర్వేదంలోకి వచ్చిన డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారి మందుతో ఆయన కోలుకున్నారని జీవితచరిత్రలు చెబుతున్నాయి. (లక్ష్మీపతిగారి భార్య రుక్మిణి గారు తరువాత మద్రాసు రాష్ట్రానికి ఆరోగ్య మంత్రి అయ్యారు.) సుబ్బారావుగారు మద్రాసులో లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలోనే అనాటమీ బోధించారు. ఆయుర్వేద విద్యార్థులకు కొత్త శరీరశాస్త్రం చెప్పిన అధ్యాపకుడన్నమాట! 1920లలో అమెరికా వెళ్ళారు. లెడర్లీ కంపెనీలో ఆయన నడిపిన బృందం 1945 నాటికి ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేయగలిగింది. ఈనాటికీ స్ప్రూకు యాంటీబయాటిక్‌తో పాటు ఇచ్చే మందు అది. తనకు నయం చేసిన ఆయుర్వేదాన్ని ఆయన వెక్కిరించలేదు. అలాగని మందు ఎందుకు పనిచేసిందన్న ప్రశ్నను వదిలిపెట్టనూ లేదు.

ఇప్పుడు మా బావ ప్రశ్నకు వస్తాను. ఆమాశయం బొడ్డుకూ స్తనాలకూ నడుమ అయితే, అక్కడ వచ్చిన నొప్పిని కడుపునొప్పి అనుకోవడం శాస్త్రమే గదా?

కాదు. శాస్త్రమే కాదంటోంది. సుశ్రుతుడు మర్మస్థానాలు చెబుతూ హృదయాన్ని ఎక్కడ పెట్టాడో తెలుసా? రెండు స్తనాల నడుమ, రొమ్ములో, ఆమాశయం వాకిట్లో. అక్కడ దెబ్బ తగిలితే వెంటనే ప్రాణం పోతుందన్నాడు. గ్రీకుల మాట కూడా ఇలాగే ఉంది: అన్నవాహిక కడుపులో కలిసే నోటిని నేటి డాక్టర్లు ‘కార్డియా’ అంటారు, గ్రీకులో కార్డియా అంటే గుండె. కడుపు వాకిట్లో గుండె ఉందని వీళ్ళూ వాళ్ళూ కనిపెట్టారు. ఎక్స్‌రేలో చూస్తే నడుమ ఉన్నది ఉదరవితానం అనే పలుచని కండ ఒక్కటే. పైన గుండె, కింద కడుపు. ఒకే గోడకు అటూ ఇటూ కాపురం ఉన్న ఇరుగుపొరుగు. గుండె కింది భాగం ఆ గోడ మీదే ఆనుకుని ఉంటుంది, అందుకే అక్కడ రక్తం ఆగితే నొప్పి, వికారం, వాంతి కడుపు పైగుంటలోనే తెలుస్తాయి. లోపలి నరాలు చర్మం మీది నరాల్లాగా ఇదిగో ఇక్కడ అని వేలు పెట్టి చూపలేవు.

ఇంకొకటి. సుశ్రుతుడు ఉత్తరతంత్రంలో శూలలు చెప్పినప్పుడు కుక్షిశూల వేరు, హృచ్ఛూల వేరు అని విడదీశాడు. హృచ్ఛూలలో ఊపిరి ఆడదని కూడా రాశాడు. మాధవనిదానం కడుపులోనే ఇంకా సన్నగా విడదీసింది: పుల్లత్రేన్పులు, ఎదమంటతో వచ్చేది అమ్లపిత్తం, అన్నం అరిగే వేళకు వచ్చేది పరిణామశూల. భోజనమైన రెండు మూడు గంటలకు నొప్పి వచ్చి, ఏమైనా తింటే తగ్గేది ఆంత్రమూలం పుండు అని నేటి డాక్టర్లు అంటారు గదా, దానికి ఇది దగ్గరగా ఉంది. అంటే పాతవాళ్ళు ఇన్ని అరలు కట్టి విడదీసి పెడితే, మనం అన్నీ తెచ్చి ‘గ్యాసు’ అనే ఒక్క గోనెలో కుక్కేశాం. చరకుడు అనని మాట, సుశ్రుతుడు అనని మాట, డాక్టరు కూడా అనని మాట. దుకాణంలో సోడా సీసా దగ్గర పుట్టిన శాస్త్రం అది.

ఇది బావకు చెప్పినప్పుడు చాలాసేపు మాట్లాడలేదు. "అంటే పుస్తకం ఇంట్లోనే ఉండెనే, మనమే చదవలేదు" అన్నాడు. అక్క వంటింట్లోంచి, "ఆ రేత్రి పుస్తకం తీసేదానికి టయిమెక్కడుండె?" అంది. ఆమె మాటే నిజం. అలాంటి రాత్రి పుస్తకం తీయకూడదు, బండి తీయాలి.

కాబట్టి డాక్టర్లు చెప్పగా రాసుకున్నది పాఠకుల కోసం ఇక్కడ పెడుతున్నాను. రొమ్ములో గానీ కడుపు పైభాగంలో గానీ కొత్తగా వచ్చిన నొప్పి, బరువు, మంట కొద్ది నిమిషాల్లో తగ్గకపోతే. దానితో చెమట, ఆయాసం, వికారం, తలతిరుగుడు ఉంటే. దవడకో భుజానికో చేతికో వీపుకో పాకితే, అది గుండె అనుకునే బయలుదేరాలి. తమిళనాడులో 108కి ఫోను చేస్తే అంబులెన్సు ఉచితంగా వస్తుంది. త్రేన్పు వచ్చి కొంచెం తేలికైనంత మాత్రాన కడుపే అని తీర్మానించడానికి లేదు. గుండెపోటులోనూ త్రేన్పులు వస్తాయి. చక్కెరజబ్బువాళ్ళకూ, ఆడవాళ్ళకూ, ముసలివాళ్ళకూ నొప్పి సరిగా తెలియకుండా ఆయాసం, నీరసం మాత్రమే రావచ్చు. మొదటి ఇ.సి.జి. బాగున్నా డాక్టరు మళ్ళీ తీస్తామంటే, రక్తపరీక్ష చేస్తామంటే విసుక్కోకుండా కూర్చోవాలి. ఇంటికి వచ్చాక అది కడుపే అని తేలితే నష్టమేమీ లేదు, ఆటో ఖర్చు పోతుంది.

మామూలు రోజులకు మాత్రం పాత పటం నాకు ఇప్పటికీ ఇష్టం. కడుపును మూడు భాగాలు చేసి ఒకటి గట్టి పదార్థానికి, ఒకటి ద్రవానికి, ఒకటి వాతపిత్తకఫాలకు వదలమన్నాడు చరకుడు. వాగ్భటుడు నాలుగు భాగాలు చేసి, రెండు అన్నానికి, ఒకటి నీటికి, నాలుగవది వాయువు తిరగడానికి వదలమన్నాడు. ఛాతీ ఎక్స్‌రేలో ఎడమవైపు ఉదరవితానం కింద నల్లని బుడగ ఒకటి కనిపిస్తుంది. అది కడుపు పైభాగంలో నిలిచిన గాలి. వాగ్భటుడు దాన్ని చూశాడని నేను అనను. తిన్నవాడి సుఖం చూశాడు, అది చాలు. ఖాళీగా ఉన్నప్పుడు గుప్పెడంత లేని తిత్తి, లీటరు, లీటరున్నర దాకా సాగుతుంది. సాగుతుంది గదా అని సాగదీయడం మా బావ పని.

మన వైపు సంగటి నమలరు, ముద్ద తుంచి పులుసులో అద్ది మింగుతారు. నమిలితే మా అవ్వ నవ్వేది. నోట్లో జరగవలసిన పని కూడా కడుపు నెత్తిన పడుతుందని ఒక డాక్టరుగారు నన్ను కోప్పడ్డారు. ఆయన మాట నిజమే అయినా సంగటి నమిలి తినమనడం ధర్మం కాదు. ముద్ద సైజు తగ్గించుకున్నాను.

బావ ఇప్పుడు సగం ముద్దతో లేస్తున్నాడు. పొద్దున మాత్రలు, సాయంత్రం కె.ఆర్.పి. డ్యాము వైపు మెల్లగా నడక. పోయిన ఆదివారం వెళ్తే మళ్ళీ ఆ పాత పుస్తకమే ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఇ.సి.జి. కాగితం మడిచి పుటల నడుమ గుర్తుగా పెట్టుకున్నాడు. "రాప్పా, కూచో. ఈ క్లోమం సంగతి తేల్చాల" అన్నాడు.